ఫ్రిజ్ వెనక ముడి

బాబాయ్‌కి,

కుట్టు షెడ్డులో మనుషులకు తాగే నీళ్లు ఆపడం అన్యాయం. ఆ అన్యాయం చేసింది సూపర్‌వైజరైన మీరే.

షెడ్డులో ఫ్రిజ్ తలుపుకున్న కుళాయిలోంచి నీళ్లు రావడం లేదంటే, "దానికి జలుబు చేసిందిలే, అదే తగ్గుతుంది" అని నవ్వేశారు. మాకు తాగడానికి ఇంకో కుళాయి లేదు. నిన్న ఇస్త్రీ పెద్దమ్మ కళ్లు తిరిగి బల్ల మీదే పడిపోయింది. తేరుకుని, "మీ బాబాయ్ నోట మంచి మాట, ఈ ఫ్రిజ్‌లో నీళ్లు, ఎంత నొక్కినా రావురా" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈ సాయంత్రం అందరూ వెళ్లాక నేనే చూశాను. తలుపు మీద నీళ్లు ఆపే తాళం గుర్తు వెలగడం లేదు. ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. గొట్టంలో మంచు కట్టిందేమోనని వేడిగుడ్డతో కాపడం పెట్టాను. చుక్క రాలేదు. చివరికి ఫ్రిజ్‌ను ముందుకు లాగితే, ఫ్రిజ్‌కి నీళ్లు వదిలే, గోడకున్న వాల్వు మూసి ఉంది. ఎవరూ తెరవకుండా పిడిని దారంతో కట్టేశారు. గుడ్డల కట్టలకు వేసే ముడే, కొస లోపలికి దోపి ఉంది. అలా దోపేది ఇక్కడ మనిద్దరమే. నాన్న పోయాక నా వేళ్లు పట్టుకుని నేర్పింది మీరు.

నీళ్లు తాగితే మాటిమాటికీ మిషను దగ్గర్నుంచి లేస్తామనేగా కట్టేశారు? యూనియన్ కరపత్రాలు చదివి చెడిపోయానంటారు. దాహాన్ని ఏ కరపత్రమూ నేర్పలేదు బాబాయ్.

కత్తెర చేతిలోనే ఉన్నా కొయ్యలేదు. వాల్వు కట్టేసి ఉందని అందరికీ ఫోన్‌లో చెప్పాను గానీ, ముడి ఎవరిదో ఎవరికీ చెప్పలేదు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి, మిషన్లు తిప్పకముందే, అందరం ఖాళీ గ్లాసులతో ఫ్రిజ్ దగ్గర నిలబడతాం. మీరూ రండి. మీ చేత్తోనే విప్పండి.

మీ అన్న కొడుకు