నీళ్ళ గ్లాసుకు వదిలిన ఖాళీ లైను

తెనాలి, 1994, శనివారం రాత్రి

చిన్నప్పుడు పాఠాలు చెప్పిన మేరీ టీచరుగారు ఈరోజు మా కంప్యూటర్ సెంటరుకి వచ్చారు. చనిపోయిన భర్త ఆవిడ కోసం రాసిన ప్రార్థనను రేపు చర్చిలో చదవాలట. మా కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించి, నేను రాసుకున్న షెల్ స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాంతో ప్రింటు తీసిచ్చాను. లైన్లన్నీ కలిసిపోయి ఒకటే పేరాగా వచ్చింది. చదవబోతే ఆవిడకు ఊపిరందలేదు.

"నా ఆయాసం చూసే ఆయన చిన్న చిన్న లైన్లు రాశారు బాబూ. లైను చివర ఊపిరి తీసుకుంటాను," అన్నారు.

స్క్రిప్టులో ప్రార్థనను దాచిపెట్టిన వేరియబుల్ పేరుకి నేను కొటేషన్ గుర్తులు పెట్టలేదు. అవి లేకపోతే, స్క్రిప్టును చదివి నడిపే షెల్‌కి లైను విరుపూ, మామూలు ఖాళీ ఒకటే. గుర్తులు పెట్టి మళ్ళీ ప్రింటు తీశాను. ఈసారి ఆవిడ నెమ్మదిగా, హాయిగా చదివారు. ఆమేన్‌కి ముందున్న ఖాళీ లైను దగ్గర ఆగిపోయారు. అక్కడ ఆయన నీళ్ళ గ్లాసు అందించేవారట.

రేపు చర్చిలో ఆవిడ పక్కన ఎవరుంటారో. నేనే వెళ్దామా అనిపిస్తోంది...