పాట ఆగిన చోటు

నర్సింలూ, నేను... అక్కను. నువ్వు వెళ్ళి ఏడు నెలలైంది.

ఆ ఉదయం గుర్తుందా? మొదటి బస్సుకే కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చావు. నేను వంటింట్లో గోడకానుకొని జపం చేసుకుంటున్నాను. పాలు పొంగుతున్నాయని కేకేశావు. పూస మీద వేలు అలాగే ఉంచి లేచి, పాలు దించి వచ్చి, ఆ పూస నుంచే మళ్ళీ మొదలుపెట్టాను.

నువ్వు నవ్వావు. "గిదే అక్కా, నా చిప్పు చేసేది! పాట పాడుతుంటే నడుమ ఒక్క పిలుపు వస్తది. ఏడ ఆగిందో యాది పెట్టుకుంటది, మనం రాసిపెట్టిన జాగకు పోతది, పని చూసుకొని మల్ల ఆడికే వస్తది. నీకన్న దానికే ధ్యాస ఎక్కువ."

టీవీకి తగిలించి ఆడుకునే మిషన్ ఒకటి పాడైతే, అందులో పాటలు పలికే చిప్పును తీసి కామారెడ్డిలో నీ రిపేరు దుకాణంలోని పాత కంప్యూటర్‌కు వైర్లతో కట్టావు. పాట ఆగాలి, గంట మోగాలి, పాట సాగాలి. కానీ ఆగిన పాట ఆగినట్టే ఉండిపోయేది. "చిప్పు తప్పు చెయ్యదక్కా, తప్పు నాదే" అనేవాడివి. అది దొరకకముందే నువ్వు...

నిన్న నీ భార్య సుజాత, నీ బిడ్డ స్వప్న, నేను దుకాణం ఖాళీ చేయడానికి వెళ్ళాం. నువ్వు పనిచేసిన బల్లను చూడలేనంది సుజాత. స్వప్న ఒక్క గంట ఆగమంది. కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది కదా... నీ నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది.

గంట మోగించడానికి చిప్పు వెళ్ళాల్సిన చోటుకు ఒక నంబరు ఉంటుందట, దాన్ని రెండు ముక్కలుగా రాయాలట. వెనక ముక్క ముందు రావాలట. నువ్వు మనం చదివే వరుసలోనే రాశావు. అంతే, తమ్ముడూ. స్వప్న రెండింటినీ అటూ ఇటూ మార్చింది.

పాట మొదలైంది. ఆగింది. గంట మోగింది. ఆగిన స్వరం దగ్గరే మళ్ళీ అందుకుంది.

తెలియకుండానే చేతులు జోడించాను. ప్రాణం లేని ఆ గోరంత ముక్కకు తాను వదిలి వెళ్ళిన చోటు ఎలా గుర్తుంది? ఇన్నేళ్ళ ప్రార్థనలో నాకు అంత నిలకడ వచ్చిందా...

సుజాత ఇంకోసారి పెట్టమంది. తర్వాత ఇంకోసారి.

సాయంత్రం ముగ్గురం అక్కడే కూర్చుని నిర్ణయించాం. దుకాణం వదలడం లేదు. పొద్దున మొదటి బస్సుకే వచ్చి నేను కూర్చుంటాను, కాలేజీ అయ్యాక స్వప్న వస్తుంది. తాళంచెవి సుజాతే బిడ్డ చేతిలో పెట్టింది.

నీ అక్క