మొదటి మనవరాలు

మరియ తల్లి కొంగు చాటున నువ్వూ నీ బిడ్డా చల్లగా ఉండాలని కోరుకుంటూ, చెల్లెలు రోజమ్మకు కువైట్ నుంచి నీ అక్క లూర్దు రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నువ్వు, పాప, మరిది ఇన్నయ్య, నాయన ఎట్లున్నారు? బాలింతవు, చన్నీళ్లలో చేతులు పెట్టకు. నాయన దగ్గు తగ్గిందా? బీడీలు మానేశానని ఫోన్లో చెప్తాడు గానీ నేను నమ్మను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, లేదంటే నేను తిడతాను. రాయచోటి పుష్పక్క సెలవు మీద ఊరికొస్తోంది, అందుకే ఆమె చేతికిస్తున్నాను. ఒక్కదానివే కూర్చుని చదువు.

పని ఎప్పటిదే. ఈ ఇంటి పెద్దామెకు స్నానం చేయించడం, మందులివ్వడం, చక్రాల కుర్చీలో అటూ ఇటూ తిప్పడం. ఆమె మంచిదే, కూతురికే కాస్త నోరెక్కువ. కడప ఎండలో పుట్టి పెరిగిన నాకే ఇక్కడి ఎండకు కళ్లు తిరుగుతున్నాయి. పోయిన వారం దుమ్ముగాలి లేచి రెండు రోజులు తలుపులు తీయలేదు. తిండికి లోటు లేదు, బాగానే పెడతారు. కారమే ఉండదు. సంగటి ముద్ద తిని పద్నాలుగు నెలలయింది. పుష్పక్క తిరిగొచ్చేటప్పుడు చెనక్కాయల పొడి కొట్టి పంపు, వెల్లుల్లి ఎక్కువ వెయ్యి. నెలకు రెండు శుక్రవారాలు ఇక్కడి మరియ తల్లి గుడికి పోనిస్తారు. తెలుగులోనే పూజ జరుగుతుంది. ఆరోగ్యంగానే ఉన్నాను, బెంగపడకు.

ఇంక అసలు సంగతికొస్తాను. పోయిన నెల నువ్వు గొంతు మెసేజి పంపావు. "అక్కా, పాపకు అమ్మ పేరే పెడతాండాం, శౌరమ్మ అని. మొదటి మనవరాలు గదా, అమ్మ మాట దక్కించినట్టు అయితాది" అన్నావు. వచ్చే నెల జ్ఞానస్నానమని కూడా చెప్పావు. అప్పుడు నేను పెద్దామె బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. విని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. పదకొండు రోజులు నీకు జవాబివ్వలేదు. ఫోన్ పాడైందని చెప్పాను కదా, అది అబద్ధం. నాకు కడుపు మండింది రోజీ. నీ మీద, ఆ పసిదాని మీద, ఇద్దరి మీదా.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూస్తున్నాను. ఆ జుట్టు, ఆ బుగ్గలు, ఆ మడమలు. చూసి ముద్దు పెట్టుకోవాల్సిన దాన్ని, ఓర్వలేక ఫోన్ మూసేస్తున్నాను. పాలు పొంగి రవికెలు తడిసిపోతున్నాయని నవ్వుతూ చెప్పావు ఒకరోజు. నాకూ పాలు పడ్డాయే. తాగే నోరు లేక, పాలు ఇంకిపోవాలని అత్త మల్లెపూలు తెచ్చి రొమ్ములకు కట్టింది. ఆ మూడు రోజులు నువ్వూ పక్కనే ఉన్నావు. మర్చిపోయావేమో. నా కన్నే పాపకు తగిలేట్టుంది, ఎర్రనీళ్లతో దిష్టి తీయించు. ఫాదరుకు చెప్పకు, తిడతాడు.

నీ బిడ్డ బతకాలని పట్టుబట్టింది కూడా నేనేనని నీకు గుర్తు చేయాలా? నాలుగో నెల స్కానింగులో బిడ్డ గుండె సరిగా లేదేమో అన్నారు. తీయించేద్దామని ఇన్నయ్య అన్నాడు, చట్టంలో వారాలు పెంచినారంట, భయమేమీ లేదంట అని నాకే ఫోన్ చేసి చెప్పాడు. పెద్దామెను కుర్చీలో అట్లే వదిలేసి, వంటింట్లోకి పోయి అరిచాను. ఎట్లున్నా అది మన బిడ్డే, రెండేళ్లు బతికినా రెండు రోజులు బతికినా మన బిడ్డే అన్నాను. పాప బాగుంటుందని తెలిసి చెప్పలేదు. ఎవరికి తెలుసు? ప్రభువు దయ, ఇప్పుడు చిన్న రంధ్రమేనని, అదే మూసుకుంటుందని అంటున్నారు. నేను బతకాలన్న బిడ్డను చూసి నేనే కుళ్లుకుంటున్నాను. పాపసంకీర్తనంలో ఫాదరు ముందు కూడా ఒప్పుకున్నాను. చెప్పినంత మాత్రాన పోలేదు.

నీకు తెలియనిది ఒకటుంది. ఏడో నెలలో నా కూతురు లోపలే కదలడం మానేసినప్పుడు, ఆసుపత్రిలో నా గర్భసంచి కూడా తీసేశారని నీకు తెలుసు. నాయన ఆ బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి, అమ్మ సమాధి కాళ్ల దగ్గర పూడ్చాడనీ తెలుసు. జ్ఞానస్నానం కాలేదు కాబట్టి పేరు లేదు, పుస్తకంలో ఎక్కదు, శిలువ అవసరం లేదని మన గుడి ఉపదేశి చెప్పాడు. అందరూ సరేనన్నారు. మీ బావ కూడా సరేనన్నాడు. కానీ ఏడు నెలలూ నేను ఆ బిడ్డతో మాట్లాడుతూనే ఉన్నాను. మొదటి మనవరాలికి తన పేరు పెట్టమని అమ్మ పోయేటప్పుడు నాకే కదా చెప్పింది. శౌరమ్మా అనే పిలిచాను. నేను పిలిస్తే తన్నేది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, చెప్తే ఎవరింటారు?

మీ లెక్కలో ఆ పేరు ఇంకా ఎవరూ వాడలేదు. అందుకే నీ బిడ్డకు పెడుతున్నారు. మీ తప్పు కాదులే.

పోయిన శుక్రవారం పూజలో ఫాదరు ప్రసంగం కడుపులో బిడ్డను తీయించుకోవడం మీదే చేశాడు. ఏయే దేశాల్లో ఏ చట్టాలొస్తున్నాయో చెప్పి, కడుపులో పడిన క్షణం నుంచీ మనిషేనని అన్నాడు. అందరూ తలలూపారు. నాకు ఉక్రోషం వచ్చింది. పూజ అయిపోయాక పోయి నిలబడి అడిగాను, "ఫాదర్, అట్లయితే నా కూతురు మనిషేనా కాదా? దానికి పేరుండాదా లేదా?" అన్నాను. ఆయన "పేరు లేదని ఎవరన్నారమ్మా? నువ్వేమని పిలుచుకున్నావు?" అని అడిగాడు. చెప్పాను. తర్వాతి పూజలో ప్రార్థించే పేర్ల చీటీలో రాసుకున్నాడు. సాయంత్రం పూజకు కూడా ఉండిపోయాను, ఇంట్లో తిడతారని తెలిసే. శౌరమ్మ కొరకు, ఆమె తల్లి లూర్దు కొరకు అని చదివాడు. నేను తప్ప ఇంకొకరు నా బిడ్డను ఆ పేరుతో పిలవగా వినడం అదే మొదలు. పుష్పక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ముందు, ఆ పేరు పెట్టొద్దనే రాశాను. రెండు కాగితాలు చించాను. నీ బిడ్డ ఏం పాపం చేసింది? పెట్టుకో. ఒక ఇంట్లో ఇద్దరు శౌరమ్మలుంటే ఇల్లేమీ కూలిపోదు. కానీ జ్ఞానస్నానానికి ముందు అమ్మ కాళ్ల దగ్గర ఒక చిన్న శిలువ నాటించు, దాని మీద పేరు రాయించు. చెక్కదైనా చాలు. సమాధుల పండుగకు నాయన అమ్మ సమాధికి సున్నం కొట్టేటప్పుడు దానికీ కొట్టమను. మన ఊరి ఫాదరును అడుగు, ఆయన కాదనడు. కాదంటే నాకు చెప్పు, నేను మాట్లాడతాను. ఇది చేయలేకపోతే నీ బిడ్డకు వేరే పేరు చూసుకో. మొండిదాన్ననుకున్నా సరే, అక్క ఓర్వలేకపోయిందని ఊరంతా చెప్పుకున్నా సరే. ఓర్వలేకనే అడుగుతున్నాను.

పుష్పక్కతో పాపకు రెండు గౌన్లు, నీకు ఒక దుప్పటి, నాయనకు తైలం సీసా పంపాను. మీ బావ కనిపిస్తే బాగున్నానని చెప్పు. అత్తకు, వీధిలో పెద్దలందరికీ నా దండాలు. జపమాలలో నన్ను మరవద్దు. నీ బిడ్డ గుండె కోసం నేను రోజూ ఒక పరలోక జపం చెప్తున్నాను. కోపంగా ఉన్న రోజు కూడా మానలేదు.

ఇద్దరు మనవరాళ్ల తాత, మన నాయనకు నా దండాలు చెప్పు. ఆ మాట ఇట్లాగే చదివి వినిపించు.

ఇట్లు,
శౌరమ్మ వాళ్లమ్మ,
లూర్దు