నిండుగా ఉన్న నీళ్ల సీసా

ధారూర్‌లో ఉన్న అన్న వెంకటయ్యకు తమ్ముడు మల్లేశం దండం పెట్టి రాసేది. నేను బాగున్నాను. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఈ మాట నాయనకు రెండుసార్లు చదివి వినిపించు. ఆయన దగ్గు తగ్గిందా? చూడి గొర్రెలు ఈనాయా?

యుద్ధం ఆగి నెల దాటింది. ఇక్కడ చలి మొదలైంది. నేను గొంగడి కప్పుకుంటే పక్క గుడారం వాళ్లు నవ్వుతారు, తెల్లవారుజామున వాళ్లే అడుగుతారు. తిండి రొట్టె, పప్పు, మళ్లీ పప్పు. వదిన చేతి పచ్చిపులుసు తలచుకోవడం మానేశాను. తెలుగు మాట్లాడటానికి ఇప్పుడెవరూ లేరు. ఉన్న ఒక్కరూ పోయారు. అది రాయడానికే కూర్చున్నాను.

నేను అర్దలీగా వెంట ఉండి పనులు చూసింది మన వికారాబాద్ లెఫ్టినెంటు సాబు దగ్గరని నీకు తెలుసు. ఆయనకు ఇరవై మూడేళ్లు. తండ్రి తాండూరు నాపరాళ్ల గనిలో మేస్త్రీ, ఎప్పుడో పోయాడు. తల్లి బట్టలు కుట్టి చదివించింది. నలుగురిలో ఉంటే హిందీ, మేమిద్దరమే ఉంటే అనంతగిరి సీతాఫలాల ముచ్చట. బూట్లు నన్ను తుడవనిచ్చేవారు కాదు, అమ్మకు తెలిస్తే తిడుతుందని. అయినా నేను తుడిచేవాణ్ణి, ఆయన మళ్లీ తుడుచుకునేవారు. కంపెనీ మొత్తంలో ఆ బూట్లే మెరిసేవి.

ఆ పొద్దున కందకంలో పక్కపక్కనే ఉన్నాం. గుండు పేలి ఆయన కడుపులో ఇనుప ముక్క దిగింది. స్ట్రెచర్ వాళ్లు వచ్చే దారి లేదు. గుడ్డ పెట్టి అదిమి పట్టుకున్నాను. కడుపుకు దెబ్బ తగిలినవాడికి నీళ్లు తాగించకూడదని మాకు మొదట్లోనే నేర్పారు.

“మల్లేశం, జర నీళ్లు పొయ్యి,” అన్నారు.

“వద్దు సాబ్. డాక్టర్ సాబ్ వచ్చినంక తాగుదురు,” అన్నాను.

ఇంకోసారి అడిగారు. మూడోసారి హిందీలో అడిగారు, హుకుం ఇచ్చినట్టు. ఆయన హుకుం నేను కాదన్నది అదొక్కటే. మధ్యాహ్నం కాకముందే పోయారు. నా నడుముకు సీసా నిండుగా ఉంది. తర్వాత డాక్టరు చూసి, నీళ్లు పోసినా పోయకున్నా బతికేవాడు కాదన్నాడు. నేను అడగలేదు, ఆయనే చెప్పాడు.

మొన్న వాళ్లమ్మ ఉత్తరం వచ్చింది. తెలుగులో ఉందని మేజర్ సాబు నాకిచ్చి, జవాబు కూడా నన్నే రాయమన్నారు. ఆమె కొడుకు పెట్టె గురించి, పతకం గురించి ఏమీ అడగలేదు. “పొయ్యేటప్పుడు నా కొడుకు నోట్ల నీళ్లు ఎవరు పోసిన్రు? వాళ్ల పేరు రాయండి,” అని అడిగింది, అంతే. నాలుగు కాగితాలు చింపాను. నా పేరు రాసేస్తే ఆమెకు నిమ్మళం. ఆ అబద్ధం రాయలేకపోతున్నాను, అన్నా. నాకు చాలా కష్టంగా ఉంది.

వికారాబాద్ సంతకు పోయిన రోజు వాళ్లింటికి పో. స్టేషన్ వెనక, కుట్టు మిషను ఉన్న ఇల్లు. కూర్చొని చెప్పు. నీళ్లు ఉన్నాయని, ఆయన అడిగారని, నేను పోయలేదని, ఎందుకు పోయలేదో కూడా. ఆమె తిట్టినా ఒక్క మాట తగ్గించకుండా నాకు రాయి.

వచ్చే నెల సెలవు దొరుకుతుంది. బండి ముందు వికారాబాద్‌లో ఆగుతుంది కదా. ఆమె రమ్మంటే అక్కడే దిగి, ఆ ఇంటికి పోయి, తర్వాతే మన ఇంటికి వస్తాను. వద్దంటే, బండి మళ్లీ కదిలేదాకా తల వంచుకొని కూర్చుంటాను.

నాయన కాళ్లకు మొక్కానని చెప్పు. వదినకు నమస్తే, పిల్లలకు ముద్దులు.

నీ జవాబు కోసం చూసే తమ్ముడు,
మల్లేశం