గట్టు మీద చల్లిన కారం

మంగళవారం. అన్నం సహించలేదు.

అమ్మ చీమల బారు మీద కారం చల్లుతుంది. అదే కారం పేదవాడి ఆయుధం కూడా అవుతుందని ఒక కరపత్రంలో చదివాను. అందుకే ఈ ఉదయం డబ్బాలోని కారమంతా సంచిలో పోసుకుని కొల్లేటి గట్టెక్కాను. చేపల చెరువు యజమాని మళ్ళీ మురుగునీళ్ళు మా వరిచేలోకి వదిలాడు.

తూము దగ్గర ఒకడు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. తలుపు దించమన్నాను.

"అయ్యగారు చెప్పాలి కదండీ" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. గుప్పెడు కారం వాడి కళ్ళలో కొట్టాను. కేకపెట్టి నీళ్ళలో పడ్డాడు. పైకి పాకబోతుంటే వాడి కర్రతోనే వీపు మీద రెండు బాదాను. అప్పుడు సంతోషంగానే ఉంది, అబద్ధం రాయను.

ఇంతలో వాళ్ళావిడ క్యారేజీతో వచ్చింది. "రోజుకూలీకొచ్చిన మనిషండీ! ఆ యజమాని భీమడోలులో మేడలో కూర్చున్నాడు. వెళ్ళి ఆయన్ని కొట్టండి, చూద్దాం!"

కేకలు విని అమ్మ పాలచెంబుతో పరుగున వచ్చి అతని కళ్ళలో పాలు పోసింది. "నిలబడి చూస్తావేంట్రా, ఆటో పిలువ్!"

ఏలూరు ఆసుపత్రిలో రెండు కళ్ళకూ కట్టు కట్టారు. చూపు సంగతి శుక్రవారం చెబుతారట. వాళ్ళావిడ మందులకు వెళ్ళినప్పుడు, మాట్లాడకుండా అతని చేయి పట్టుకుని మెట్లు దించాను.

"మీరెవరో గానీ, చాలా మంచివారండీ" అన్నాడు.

శుక్రవారం కట్టు విప్పగానే అతను నన్ను చూస్తే ఏం చెప్పను? అసలు చూడలేకపోతే...