రెయిలింగు మీద చెయ్యి వేశావో...

అన్నయ్యా,

మెట్ల రెయిలింగు ముట్టుకోకు. పసుపు రంగు ఇంకా తడిగా ఉంది. అవును, పసుపే. నువ్వు మూడు రోజులు గరుకు కాగితంతో రుద్ది, మా అందరి ముక్కుల్లోకి దుమ్ము కొట్టి, ముచ్చటపడి వేసుకున్న బూడిద రంగు మీదే పూశాను. అరవకు, నాయనమ్మ పైన పడుకుంది. అమ్మ పక్కనే ఉంది. రెయిలింగు ఆరేదాకా నాయనమ్మని నువ్వే చెయ్యి పట్టుకుని దింపు.

గోడ బూడిద రంగు, మెట్లు బూడిద రంగు, రెయిలింగూ అదే. ఫొటోలో అదిరిపోతుందన్నావు. నాయనమ్మ ఇంకా ఫొటోలోకి వెళ్లలేదురా, మేడ మీదే ఉంది. రెయిలింగు పాత తేనె రంగులో ఉంటే ఆవిడ మసక కళ్లకి ఆనేది. పొద్దున అది కనపడక ఖాళీలో చెయ్యి వేసి తూలింది. కింద మెట్టు మీద నేను లేకపోతే ఈ చీటీ నువ్వు ఆసుపత్రిలో చదివేవాడివి. నన్ను పట్టుకుని ఏమందో తెలుసా? "నా కళ్లు పూర్తిగా పోయినట్టున్నాయే. వాడికి చెప్పకు, బాధపడతాడు" అంది.

అందుకే చెప్పట్లేదు, రాస్తున్నాను.

నాయనమ్మకి, తన కళ్లకి కొత్తగా ఏం కాలేదని, తప్పంతా నీ రంగుదని నీ నోటితో చెప్పు. అప్పటిదాకా నీతో మాట్లాడను, నూట ఇరవై ఏళ్లు పట్టినా సరే.

అన్నట్టు, బ్రష్షు దొరక్క గుడ్డతో వేశాను. రేపటి ఇంటర్వ్యూకి పెట్టుకున్న తెల్లచొక్కా వెతక్కు. కాలరు మిగిలింది. ఇస్త్రీ చెడకుండా బీరువాలో పెట్టాను.