ఇస్త్రీ చేసిన చొక్కా

అక్టోబర్ 4, శనివారం

పొద్దుటినుంచి సన్న వాన. నర్సింగ్ హోమ్‌లో ఎనిమిది మందికి స్నానాలు చేయించాను. ఎన్జో తాతకు తొంభై ఆరేళ్లు. ఇటలీ మనిషి, ఇక్కడ ఐర్లాండ్‌కొచ్చి ములింగార్‌లో చేపల వేపుడు, చిప్స్ అమ్మే షాపు నడిపాడు. స్పూనుతో మందు తెస్తే నోరు బిగించేస్తాడు. మాత్రయితే మింగుతాడు.

సాయంత్రం మా అమ్మాయి ఫెబి నీలం చొక్కా ఇస్త్రీ చేశాను. మా తెలుగు చర్చిలో యెషయా నడిపే యూత్ గ్రూపు యూనిఫాం అది. ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పద్నాలుగేళ్ల పిల్ల, అక్కడ నేర్పిన ప్రమాణం తెలుగులో గడగడా అప్పజెప్పింది. వీడియో తీసి అమ్మకు పంపాను.

అక్టోబర్ 12, ఆదివారం

ఒళ్లు మండుతోంది.

గ్రూపుకు పేరెంట్స్‌ని పిలిచారు. యెషయా ఒక నోటుబుక్ తీసి చదివాడు. ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో పిల్లలు ప్రతివారం అందులో రాయాలట. డ్యూటీ నుంచి వచ్చి ప్రార్థనకు కూర్చోకుండా నిద్రపోయిన తల్లి. యెషయాని మైకు పిచ్చోడు అన్న తల్లి. పేరు చదవలేదు. ముప్పై కుటుంబాలూ నావైపే చూశాయి. మిమ్మల్ని మీరు కాస్త తగ్గించుకోవాలి సిస్టర్ అన్నాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు.

కారులో అడిగాను. ఇట్స్ ఓన్లీ ద ట్రూత్, మమ్మీ అంది ఫెబి. అబద్ధమాడొద్దని నేర్పింది నేనేనట.

మా ఆయన ప్రసన్న నవ్వాడు. అన్నావా లేదా మరి అన్నాడు. పిల్ల ఫోను పక్కన పెట్టింది, చెప్పిన మాట వింటోంది, ఇంకేం కావాలే నీకు అన్నాడు.

అక్టోబర్ 16, గురువారం

ఎన్జో తాతకు గడ్డం గీస్తూ ఇదంతా చెప్పేశాను. తన చిన్నప్పటి సంగతి మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు బళ్లో నల్ల చొక్కా, చెక్క తుపాకీ ఇచ్చారట. ముస్సోలినీ పేరు మీద ప్రమాణం. భోజనం దగ్గర మీ నాన్న ఏమంటాడు అని మాస్టారు అడిగితే చేయెత్తి చెప్పాడట, నాయకుణ్ని జోకర్ అంటాడని. మాస్టారు చప్పట్లు కొట్టించాడు. మర్నాడు నల్ల చొక్కాలవాళ్లు నలుగురొచ్చి ఊరి మధ్యలో ఆ తండ్రికి గరాటు పెట్టి ఆముదం తాగించారు. పాడైన బట్టలతో ఊరంతా చూస్తుండగా ఇంటికి నడిచొచ్చాడట.

మీ నాన్న నిన్నేమీ అనలేదా అన్నాను. ఒక్క మాట కూడా అనలేదట. మరి అమ్మ?

నా చొక్కా ఇస్త్రీ చేసింది అన్నాడు.

ఇంటికొచ్చి ఇస్త్రీపెట్టె అటకెక్కించాను.

అక్టోబర్ 19, ఆదివారం

మిడ్‌టర్మ్ సెలవుల్లో కిల్కెన్నీ ఊరి దగ్గర యూత్ గ్రూపు అయిదు రోజుల క్యాంపు. ఫోన్లు ఉండవు. మేం సంతకం పెట్టాల్సిన ఫారం చింపి బిన్‌లో వేశాను. ఇది కూడా రాసుకోవే అన్నాను ఫెబితో.

పెన్ను తీసింది.

అక్టోబర్ 23, గురువారం

ఎన్జో తాత సంగతి ఫెబికి చెప్పాను. దే వర్ బ్యాడ్ పీపుల్, మమ్మీ, వీ ఆర్ నాట్ అంది.

అక్టోబర్ 27, సోమవారం

అటక నిచ్చెన దించి ఉంది. చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంది. కొత్త ఫారం మీద సంతకం ప్రసన్నది. నేను డ్యూటీలో ఉండగా, ఉదయం 9.10 బస్సుకు ఫెబి క్యాంపుకు వెళ్లింది.